దవడలో టైటానియం స్క్రూ: నా ఇంప్లాంట్ అనుభవం

పోయిన పన్ను చోట దవడ ఎముకలో స్క్రూ దింపి దాని మీద కొత్త పన్ను బిగిస్తారు కదా, ఆ ఇంప్లాంట్ పెట్టించుకున్నానని తెలిసిన వాళ్ళందరూ నన్ను అడిగేది ఒకటే, "నొప్పి వేసిందా?" అని. వేసింది కానీ, పన్ను పీకించుకున్నప్పుడు పడ్డ బాధలో సగం కూడా లేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగేసి, నేను చెప్పింది విని, "అయితే ఫర్వాలేదు, మేమూ పెట్టించుకుంటాం" అని వెళ్ళిపోతారు చూడండి, అక్కడ నాకు చిరాకు. దవడలో ఎముక ఎంత మిగిలింది, ఎముక చాలని చోట నింపే ఎముక పొడి వేస్తామంటే అది దేని నుంచి తీసింది, చెప్పిన రేటులో ఏమేం కలిపారు, స్క్రూ పెట్టే డాక్టరు వచ్చే ఏడాది కూడా దొరుకుతాడా, ఇవి ఒక్కరూ అడగరు. నా టెన్షన్ అంతా వీటి చుట్టూనే తిరిగింది, సర్జరీ చుట్టూ కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నాకు యాభై దాటాయి. విజయవాడలో ఉంటాం. షుగర్ ఉంది, మాత్రలతో నెట్టుకొస్తున్నాను. పుట్టింది మాత్రం అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు, అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, మా వయసు వాళ్ళలో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి, నాకూ ఉన్నాయి. ఇది ఎందుకు చెప్తున్నానో క్యాప్ రంగు దగ్గర అర్థమవుతుంది.

కింది దవడ కుడివైపు పెద్ద పన్నుకి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. కొన్నేళ్ళకి క్యాప్ ఊడింది, అతికించారు, మళ్ళీ ఊడింది, చివరికి ఒక దీపావళికి జంతిక కొరికితే పన్ను నిలువునా చీలింది. వేరుదాకా చీలిన పన్నుని నిలబెట్టడం కుదరదన్నారు, పీకేశారు. వెనకాల పన్ను, నవ్వినా కనిపించదు, ఎడమవైపు నములుకుంటే సరిపోతుంది అని ఇంట్లో అందరి మాట. అలా కొన్నేళ్ళు బానే గడిచాయి కూడా.

అయితే నోట్లో ఖాళీ వదిలితే అది ఖాళీగా ఉండదు. పైన ఉన్న పన్నుకి కింద ఆనడానికి ఏమీ లేక నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. వెనకున్న పన్ను ముందుకి ఒరిగింది. ఆ సందులో అన్నం, ఆకుకూర ఇరుక్కుని చిగురు ఉబ్బడం, వారానికోసారి ఉప్పునీళ్ళు పుక్కిలించడం. ఇవి మనకి తెలుస్తాయి. తెలియకుండా జరిగేది ఇంకోటి ఉంది, పన్ను లేని చోట ఎముక అరిగిపోతుంది. పన్ను పీకిన మొదటి ఏడాదిలోనే ఎక్కువ భాగం పోతుందట, అదీ ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా. అంటే పన్ను తీయించుకున్న రోజునే తర్వాత ఏం పెట్టించుకుంటారో డాక్టరుతో మాట్లాడుకోవడం మంచిది, కొన్ని కేసుల్లో పీకిన గుంటలోనే అప్పటికప్పుడు ఇంప్లాంట్ పెట్టేస్తారు, కనీసం ఎముక కుంగకుండా పొడి నింపి కుట్లు వేస్తారు.

ఇంప్లాంట్ ఒక్కటే మార్గం అని నేను అనను. తీసి పెట్టుకునే పన్ను ఉంది, చవక, కానీ ఒక్క పన్ను కోసం రోజూ రాత్రి తీసి నీళ్ళలో వేసే ఓపిక నాకు లేదు. బ్రిడ్జి ఉంది, అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి మూడూ కలిపి ఒకే క్యాప్‌గా వేస్తారు, ఒకటి రెండు వారాల్లో అయిపోతుంది, సర్జరీ లేదు. పక్క పళ్ళకి ఎలాగూ పెద్ద సిమెంట్ ఫిల్లింగులో, క్యాపులో ఉన్నవాళ్ళకి బ్రిడ్జి మంచి పద్ధతే. నాకు పక్కవి రెండూ గట్టివి. ఒక పన్ను పోయిందని ఇంకో రెండు మంచి పళ్ళు చెక్కించుకోవడానికి మనసు ఒప్పలేదు.

మొదట వెళ్ళిన చోటు పేరు చెప్పను. బోర్డు మీద పాతిక వేలకే ఇంప్లాంట్ అని ఉంది. లోపల కూర్చోబెట్టి పావుగంట మాట్లాడారు, అందులో డాక్టరు మాట్లాడింది రెండు నిమిషాలు, మిగతాదంతా కోఆర్డినేటర్ అనే అమ్మాయి. నా షుగర్ ఎంతో ఎవరూ అడగలేదు, కానీ ఇవాళే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అని మాత్రం రెండుసార్లు చెప్పారు. నేను విడమర్చి అడిగితే తేలిందేమిటంటే, పాతిక వేలు ఎముకలో పెట్టే స్క్రూకి మాత్రమే. దాని మీద బిగించే, క్యాప్‌ని మోసే ముక్క, అబట్‌మెంట్ అంటారు, అది వేరు, పైన క్యాప్ వేరు, స్కాన్ వేరు, ఎముక పొడి అవసరమైతే అది వేరు. అన్నీ కలిపితే దాదాపు రెట్టింపు. రేటు ఎక్కువని నాకు కోపం రాలేదు, అడిగితే గానీ చెప్పకపోవడం నచ్చలేదు. మా ఆయన "ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాం" అని లేచారు.

మూడు రోజుల్లో పళ్ళు అని ప్రకటనలు వస్తుంటాయి కదా, దాని గురించి కూడా తర్వాత వెళ్ళిన రెండో క్లినిక్ డాక్టరమ్మని అడిగాను. అది మోసమేమీ కాదంది. అక్కడ వాడే ఇంప్లాంట్ల రకమే వేరు, లోపలి గట్టి ఎముక పొరని పట్టుకునేలా పొడవుగా ఉంటాయి, పళ్ళన్నీ పోయినవాళ్ళకి, ఎముక బాగా అరిగినవాళ్ళకి ఎక్కువగా పెడతారు, అన్నింటినీ కలిపి కట్టేస్తారు కాబట్టి బరువు పంచుకుంటాయి. ఒక్క పన్ను పోయిన నాలాంటివాళ్ళకి తొందర పడాల్సిన పని లేదని ఆవిడ అభిప్రాయం.

ఈ డాక్టరమ్మ మా వీధికి దగ్గర్లోనే, చిన్న క్లినిక్, వయసులో మా అమ్మాయి కంటే కొంచెం పెద్దది, నన్ను ఆంటీ అంటుంది. నోరు చూడకముందే ఒక కాగితం ముందు పెట్టుకుని వరసగా అడిగింది. షుగర్, బీపీ, గుండె మందులు, థైరాయిడ్, ఏ మందైనా పడదా, ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా కాదు, మీకు అలవాటుందా, జర్దా, కిళ్ళీ. పొగాకు వాడేవాళ్ళలో ఇంప్లాంట్ ఎముకకి అతుక్కోకుండా ఊడే అవకాశం ఎక్కువట, మా బావగారు ఈ మాట విని అక్కడితో ఆ టాపిక్ వదిలేశారు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా. ఇంకొకటి నేనెప్పుడూ వినలేదు, ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెండ్రోనిక్ యాసిడ్. ఇవి వాడుతున్నవాళ్ళకి దవడ ఎముక మీద కోత పెడితే అరుదుగా అయినా మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉందట. మా పిన్నికి ఆ సెలైన్ ఎక్కిస్తారు, ఆవిడ ఏ పళ్ళ డాక్టరుకీ ఈ సంగతి చెప్పి ఉండదు. ఎముకల మందుకీ పళ్ళకీ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? యాభై దాటిన ఆడవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

నా మూడు నెలల షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 8.6 వచ్చింది. "ఇప్పుడొద్దు ఆంటీ, ఏడు, ఏడున్నర దగ్గరికి తెచ్చుకుని రండి" అని పంపించేసింది. డబ్బు కట్టడానికి సిద్ధంగా వచ్చిన పేషెంట్‌ని వెనక్కి పంపిన డాక్టరు మీద నాకు అక్కడే నమ్మకం కుదిరింది. షుగర్ డాక్టరు మందు మార్చారు, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెకి వచ్చాను, సాయంత్రాలు నడక. 7.3కి దిగాక మళ్ళీ వెళ్ళాను.

అప్పుడు సీబీసీటీ స్కాన్ రాయించింది. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తే కనిపిస్తుంది, వెడల్పు కనిపించదు, ఇందులో దవడని అడ్డంగా కోసి చూసినట్టు కనిపిస్తుంది. బయట స్కాన్ సెంటర్లో తీశారు, నిలబడితే మిషన్ తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది, అంతే. కింది దవడలో ఎముక లోపలి నుంచి ఒక నరం వెళ్తుంది, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. దానికి డ్రిల్ తగిలితే పెదవి మొద్దుబారి ఉండిపోవచ్చు. నాకు ఎముక పైఅంచు నుంచి నరందాకా 13 మిల్లీమీటర్లు ఉంది, కనీసం రెండు మిల్లీమీటర్లు దూరం వదలాలి కాబట్టి పది మిల్లీమీటర్ల స్క్రూ పెట్టొచ్చని లెక్క వేసి స్క్రీన్ మీద చూపించింది. ఎత్తు సరిపోయింది, వెడల్పు సరిపోలేదు. ఆరు మిల్లీమీటర్లే ఉంది, 4.2 మందం స్క్రూ పెడితే చెంప వైపు ఎముక మరీ పలచగా మిగులుతుంది. అక్కడ కొంచెం ఎముక పొడి వేయాలంది.

ఇక్కడ నేను అడిగిన ప్రశ్నకి ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఆ పొడి దేంతో చేస్తారమ్మా?"

ఎక్కువగా వాడేది ఆవు జాతి పశువుల ఎముక నుంచి తీసినదట. మాంసం, కొవ్వు, ప్రొటీన్ ఏమీ మిగలకుండా శుద్ధి చేసి, ఖనిజం మాత్రం ఉంచుతారు. దశాబ్దాలుగా వాడుతున్నారు, ఫలితాలు బాగుంటాయి. దాని మీద కప్పే పొర కూడా చాలావరకు పంది లేదా పశువుల కొలాజెన్‌తో చేసిందే. మేము శాకాహారులం, మా అత్తగారికి ఈ సంగతి తెలిస్తే ఆ నోటితో నేను పూజ ఎలా చేస్తానో అని ఆవిడకి నిద్ర పట్టదు. నేను అంత పట్టింపు మనిషిని కాను, అయినా నా ఒంట్లో ఏం పెడుతున్నారో నాకు ముందే తెలియాలి కదా. అడక్కపోతే చెప్పేవాళ్ళు తక్కువ, సంతకం పెట్టే కాగితంలో బోన్ గ్రాఫ్ట్ అని ఉంటుంది, అంతే. వేరే దారి ఉంది. కృత్రిమంగా తయారుచేసిన కాల్షియం ఫాస్ఫేట్ పొడి దొరుకుతుంది, దాంతోపాటు మన రక్తమే కొంచెం తీసి మిషన్‌లో గిర్రున తిప్పితే జెల్లీ పొర తయారవుతుంది, పీఆర్ఎఫ్ అంటారు, దాన్ని పైన కప్పుతారు. నా అవసరం చిన్నది కాబట్టి అది సరిపోతుందంది. పెద్ద మొత్తంలో ఎముక కావాల్సినవాళ్ళకి అన్నిసార్లూ అది కుదరకపోవచ్చు, అప్పుడు తేల్చుకోవాల్సింది ఎవరికి వాళ్ళే. ఏది ఎంచుకున్నా సర్జరీ కుర్చీలో నోరు తెరిచాక కాకుండా ముందే తేల్చుకోండి.

ఇంకో సంగతి. మన ఊళ్ళలో చాలా క్లినిక్కుల్లో ఇంప్లాంట్ పెట్టేది ఆ క్లినిక్ డాక్టరు కాదు. కన్సల్టెంట్ అని ఒకరు వస్తారు, వారంలో ఒకటి రెండు రోజులు ఒక్కో క్లినిక్ తిరుగుతారు, ఆయన స్క్రూ పెట్టి వెళ్తారు, తర్వాతి పనంతా మన డాక్టరుది. ఇందులో తప్పేమీ లేదు, రోజూ అదే పని చేసే చేయి పడటం మంచిదే. కాకపోతే రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలో ముందే అడిగి ఉంచుకోవాలి. నాకు స్క్రూ పెట్టేదీ అలా వచ్చే సారే కాబట్టి నేను అడిగాను. "సార్ నెంబర్ మీకు ఇస్తాను, కానీ ముందు నాకే ఫోన్ చేయండి" అంది డాక్టరమ్మ.

సర్జరీ రోజు ఉదయం మామూలుగా టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకుని రమ్మన్నారు. ఖాళీ కడుపుతో వెళ్ళే పని కాదు ఇది, షుగర్ ఉన్నవాళ్ళయితే అసలు వెళ్ళకూడదు. వేసుకోమన్న యాంటీబయాటిక్ వేసుకున్నాను, క్లోర్‌హెక్సిడిన్ మందుతో పుక్కిలించమన్నారు, కళ్ళు, ముక్కు వదిలేసి ముఖమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. పీఆర్ఎఫ్ కోసం చేతి నుంచి రక్తం తీశారు. తర్వాత చిగురుకి మత్తు ఇంజెక్షన్. రోజు మొత్తంలో నొప్పి అంటూ ఉన్నది ఆ సూది గుచ్చినప్పుడే. ఇంజెక్షన్ వేసిన కాసేపటికి గుండె దడదడ కొట్టుకుంది, భయపడ్డాను, మత్తుమందులో అడ్రినలిన్ కలుపుతారని, దాని వల్ల కొంతమందికి అలా అవుతుందని, రెండు నిమిషాల్లో తగ్గుతుందని చెప్పారు. తగ్గింది.

ఆ తర్వాతది చెప్పాలంటే, గోడకి టీవీ బిగించడానికి వచ్చినవాడు సన్న బిట్‌తో మొదలుపెట్టి ఒక్కో సైజు పెంచుకుంటూ కన్నం వేస్తాడు చూడండి, పని అచ్చం అదే, గోడ మన దవడ కావడం ఒక్కటే తేడా. డ్రిల్ శబ్దం కంటే తలంతా పట్టిన అదురు ఎక్కువ. చల్లటి సెలైన్ ధార ఆగకుండా పడుతూనే ఉంది, ఎముక వేడెక్కితే చచ్చిపోతుందట, 47 డిగ్రీలు ఒక్క నిమిషం దాటినా చాలట, అందుకే ఆ నీళ్ళు, అందుకే మధ్యమధ్యలో ఆగడం. నీళ్ళన్నీ గొంతులోకి పోతున్నట్టుంటుంది, పక్కనున్న అమ్మాయి పైపు పెట్టి లాగేస్తూనే ఉన్నా సరే. నాకు అన్నింటికంటే కష్టమనిపించింది నోరు అంతసేపు తెరిచి ఉంచడం. దవడ కీలు లాగేసింది. మధ్యలో చేయి ఎత్తితే ఆపుతామన్నారు, ఎత్తాను, ఆపారు.

చివర్లో స్క్రూ బిగించేటప్పుడు కటకటమని రాట్చెట్ శబ్దం. "ముప్పై ఐదు వచ్చింది" అని సార్ అంటే డాక్టరమ్మ రాసుకుంది. స్క్రూ ఎంత గట్టిగా కూర్చుందో చెప్పే కొలత అది. నాది పొడి వేసిన కేసు అయినా పట్టు బాగా దొరికిందని, చిగురు పైకి కనిపించే చిన్న వెండిరంగు బొత్తాం ఒకటి బిగించారు, హీలింగ్ క్యాప్ అంటారు, దాని చుట్టూ చిగురు గుండ్రంగా మానుతుంది. పట్టు సరిగా రానివాళ్ళకి స్క్రూ మీద చిగురు పూర్తిగా మూసి కుట్టేసి, నెలల తర్వాత మళ్ళీ చిన్న కోత పెట్టి తెరుస్తారు. మొత్తం గంట లోపే. బయటికి వచ్చేసరికి మా ఆయన పేపర్ ఇంకా పూర్తి చేయలేదు.

ఆ రోజు గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు, వేడివి వద్దు. గడ్డకట్టిన రక్తం ఊడిపోతే గాయం తెరుచుకుంటుంది. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి చెంపకి పెట్టుకున్నాను, కాసేపు పెట్టడం, కాసేపు తీయడం. మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకోండి, దిగాక వేసుకుంటే అది పనిచేసేదాకా బాధ పడాలి. చల్లటి పెరుగన్నం, చల్లార్చిన రాగిజావ, మెత్తటి ఇడ్లీ పాలలో నానబెట్టి. గోంగూర, ఆవకాయ వాసన కూడా చూడొద్దు ఓ వారం, కారం, పులుపు కంటే ఆ ఆవగింజలు, మెంతి పలుకులు వెళ్ళి కుట్లలో కూర్చుంటాయి. వాపు మొదటి రోజు కంటే రెండో మూడో రోజు ఎక్కువగా ఉంటుంది, తెలియకపోతే ఇదేదో చీము పట్టిందని కంగారు పడతారు. చెంప మీద నీలం మచ్చ వచ్చి, పసుపురంగుకి మారి, పోయింది. వాపు అలా రోజురోజుకీ తగ్గాలి. తగ్గింది మళ్ళీ పెరిగినా, జ్వరం వచ్చినా, మత్తు దిగాల్సిన టైము దాటిపోయి మర్నాటికి కూడా పెదవి మొద్దుగానే ఉన్నా ఆగకుండా ఫోన్ చేయాలి. నాకు అవేమీ రాలేదు. వారం దాటాక కుట్లు తీశారు, చీమ కుట్టినంత.

ఇక ఎదురుచూపు. కింది దవడకి దాదాపు మూడు నెలలు, పై దవడ ఎముక మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు. నాకు పొడి వేశారు కాబట్టి ఇంకొంచెం ఆగమన్నారు. ఇన్ని నెలలు దేనికంటే, టైటానియం మీద ఎముక కణాలు పెరిగి రెండూ ఒకటైపోవాలి. ఇది కనిపెట్టిన కథ నాకు భలే నచ్చింది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అని ఒక డాక్టరు 1952లో కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడటానికి టైటానియం గొట్టం అమర్చాడు, ప్రయోగం అయ్యాక తీసి ఇంకోదానికి వాడుకుందామంటే అది రాలేదు, ఎముక పట్టేసుకుంది. ఆయన వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. 1965లో మొదటి మనిషికి ఇంప్లాంట్లు పెట్టాడు, ఆ పేషెంట్ 2006లో పోయేదాకా వాటితోనే ఉన్నాడు.

ఈ ఎదురుచూపులో ఒక చిక్కు ఉంది. మూడో వారం వచ్చేసరికి గాయం మానిపోతుంది, నొప్పి ఉండదు, అంతా అయిపోయిందనిపిస్తుంది. కానీ లోపల స్క్రూ బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మొదట స్క్రూకున్న మరలు ఎముకని బిగించి పట్టుకోవడంతో నిలబడి ఉంటుంది, చుట్టూ ఉన్న పాత ఎముక కరుగుతూ కొత్తది ఏర్పడుతుంది, ఆ మార్పు జరిగే మూడు నాలుగు వారాల దగ్గర పట్టు తగ్గి మళ్ళీ పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. మా చెల్లెలి కొడుకు పెళ్ళి ఆ రోజుల్లోనే పడింది. అరిసెలు, కారప్పూస, అప్పడాలు, కుడివైపుకి ఒక్కటి పోనివ్వలేదు.

పెళ్ళి తర్వాత ఒక రాత్రి బ్రష్ చేస్తుంటే ఆ వెండి బొత్తాం ఊగింది. గుండె జారిపోయింది, డబ్బులన్నీ పోయాయి, ఇంప్లాంట్ ఊడిపోయింది అనుకున్నాను. పొద్దున్నే పరిగెత్తితే, ఊగుతున్నది పైన బొత్తామే, లోపలి స్క్రూ కాదని చూపించి, శుభ్రం చేసి మళ్ళీ బిగించింది, రెండు నిమిషాల పని. మీకూ ఇలా జరగొచ్చు, చాలామందికి జరుగుతుందట. పూర్తిగా ఊడి చేతిలోకి వస్తే కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి, ఆలస్యం మాత్రం చేయొద్దు, ఒకటి రెండు రోజుల్లోనే చిగురు మూసుకుపోవడం మొదలవుతుంది.

క్యాప్ దశ తేలిక. బొత్తాం తీసి, అచ్చు తీయడానికి ఒక పిన్ను బిగించి, ఎక్స్‌రేతో సరిగా కూర్చుందో లేదో చూసి, కొలత తీసుకున్నారు. కొన్ని చోట్ల అచ్చు తీసే ముద్ద బదులు చిన్న కెమెరాతో స్కాన్ చేస్తారు, వాంతి వచ్చేవాళ్ళకి అది హాయి. పై నుంచి కిందికి దిగిన పన్నుని కొంచెం అరగదీయాల్సి వచ్చింది, లేకపోతే కొత్త పన్నుకి ఎత్తు చాలదు. రంగు చూసేటప్పుడు నవ్వొచ్చింది. షేడ్ పలకల పట్టీ నా పళ్ళ పక్కన పెట్టి చూస్తే ఏదీ కలవదు, ఫ్లోరైడ్ చారలున్న షేడ్ ఏ కంపెనీ చేస్తుంది? చారలు కూడా గీయిస్తాం కావాలంటే, ల్యాబ్ వాళ్ళు గీస్తారంది. వెనకాల పన్ను కదమ్మా, కనిగిరి నీళ్ళు తాగని పన్ను ఒక్కటైనా ఉండనీ అన్నాను. పింగాణీ లాంటి జిర్కోనియా క్యాప్, ఏ3 షేడ్.

క్యాప్ రెండు రకాలుగా పెడతారు, సిమెంట్‌తో అతికించడం, స్క్రూతో బిగించడం. సిమెంట్ రకంలో పైన కన్నం ఉండదు, చూడ్డానికి బాగుంటుంది, కానీ అదనపు సిమెంట్ చిగురు కిందికి జారి ఉండిపోతే అక్కడ చిగురు పాడవుతుంది. స్క్రూ రకంలో నమిలేచోట చిన్న కన్నం ఉంటుంది, దాన్ని టెఫ్లాన్ టేపు పెట్టి ఫిల్లింగ్‌తో మూసేస్తారు, తర్వాత ఎప్పుడైనా విప్పి మళ్ళీ బిగించొచ్చు. వెనక పళ్ళకి నేనైతే కళ్ళు మూసుకుని స్క్రూ రకమే అంటాను.

బిగించాక నీలం కాగితం కొరికించి ఎత్తు సరిచూశారు. ఇక్కడ ఒక వింత. సొంత పన్నుకీ ఎముకకీ మధ్య సన్నని మెత్తటి పొర ఉంటుంది, అన్నంలో చిన్న రాయి తగిలినా తెలిసేది దాని వల్ల. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, నేరుగా ఎముకే. కాబట్టి ఎత్తు కొంచెం ఎక్కువైనా నాకు సరిగా తెలియదు, బాగుందని చెప్పేస్తాను, కానీ నమిలే బరువంతా దాని మీదే పడి స్క్రూ వదులవుతుంది. అందుకే నా మాట నమ్మకుండా పలచటి రేకు పెట్టి లాగి చూసింది, మామూలుగా మూసినప్పుడు జారాలి, గట్టిగా కొరికినప్పుడు పట్టుకోవాలి.

ఇప్పుడు నమలడం బాగుంది. వేయించిన వేరుశనగలు, చెగోడీలు కుడివైపు నములుతున్నాను. చెరకు ముక్క కొరకనని మాత్రం మాటిచ్చాను. ఒక ఇబ్బంది మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు, నేను చెప్తాను: తిండి ఇరుక్కుంటుంది. సొంత పన్ను మొదలు వెడల్పుగా ఉంటుంది, స్క్రూ సన్నం, దాని మీద పెద్ద క్యాప్, కింద పక్కల సందులు మిగులుతాయి. తోటకూర కాడ, మామిడిపండు పీచు, కొబ్బరి కోరు తిన్న ప్రతిసారీ సందు బ్రష్ పెట్టాల్సిందే. ఆ బ్రష్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, సైజులు ఉంటాయి, మీ సందుకి ఏది సరిపోతుందో డాక్టరుతో చూపించుకోండి. టూత్‌పిక్, పిన్నీసు పెట్టి కెలకొద్దు. ఇంప్లాంట్ పుచ్చదు నిజమే, కానీ చుట్టూ పాచి చేరితే చిగురు వాచి, ఎముక కరిగి, ఏ నొప్పీ లేకుండానే వదులైపోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ఖర్చు. మా ఊళ్ళో ఇప్పుడు ఒక పన్నుకి అన్నీ కలిపి ముప్పై వేల నుంచి యాభై వేల దాకా చెప్తున్నారు, స్విస్, స్వీడన్ బ్రాండ్లయితే ఇంకా పైన, కొరియా, ఇజ్రాయెల్‌వి మధ్యలో. నాది కొరియాది. పొడి, పీఆర్ఎఫ్ కలిపినందుకు నాకు పై అంచు దాకా వెళ్ళింది, ఒకేసారి కాకుండా దశలవారీగా కట్టాను. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఇది రాదు, యాక్సిడెంట్‌లో పళ్ళు పోతే తప్ప, పాలసీ కాగితం ఓసారి చదువుకోండి. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు డెంటల్ కాలేజీల్లో అడగండి, పీజీ చదివే డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పెడతారు, టైము ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ.

డాలస్‌లో ఉన్న మా వదిన ఈ రేటు విని, అక్కడ ఒక పన్నుకి మూడు నుంచి ఐదు వేల డాలర్లు అడుగుతున్నారని, సంక్రాంతికి వచ్చి పెట్టించుకుని పోతానంటోంది. వదినా, మూడు వారాల సెలవులో స్క్రూ పడుతుంది, క్యాప్ పడదు, వచ్చే వేసవికి మళ్ళీ టికెట్ కొనాలి అన్నాను. మధ్యలో బొత్తాం వదులైతే అక్కడి డాక్టరు దాన్ని బిగించాలంటే ఆ కంపెనీకి సరిపోయే చిన్న డ్రైవర్ ఆయన దగ్గర ఉండాలి, అన్ని కంపెనీలకీ ఒకటే తిరగదు. ఇందుకే ఇంప్లాంట్ డబ్బా మీద ఉండే స్టిక్కర్, కంపెనీ, సైజు, లాట్ నెంబరుతో ఒక కార్డు మీద అంటించి ఇస్తారు, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. నాది ఆధార్ ఫైల్లో పెట్టాను, ఫోన్‌లో ఫోటో కూడా తీశాను. ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే కూడా ఆ కార్డు చూపించొచ్చు, టైటానియంకి అయస్కాంతంతో పేచీ లేదు, నోటి దగ్గర బొమ్మ కాస్త చెదురుతుంది అంతే.

ఆరు నెలలకోసారి క్లీనింగ్, ఏడాదికోసారి ఎక్స్‌రే. మొదటి ఏడాది స్క్రూ చుట్టూ ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర దాకా ఎముక తగ్గడం మామూలేనట, ఆ తర్వాత ఏటా 0.2 మిల్లీమీటర్లకి మించి తగ్గకూడదు. మొన్నటి ఎక్స్‌రేలో నాకు మిల్లీమీటరు లోపే ఉంది. ఎడమవైపు పైన ఒక పన్ను ఎప్పటి నుంచో కదులుతోంది, దాని సంగతి కూడా అడిగాను. అక్కడ ఎముక పైన సైనస్ గాలి గది కిందికి దిగి ఉందట, దాని పొరని పైకి లేపి పొడి నింపితే గానీ స్క్రూ నిలవదు, కాబట్టి నెలలూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. మళ్ళీ మూడు నెలల షుగర్ పరీక్ష చేయించుకుని రమ్మంది.